ఏడు పాయింటు ఒకటి, పక్కన ఎల్

ధవళేశ్వరంలో మా ఇరిగేషన్ ఆఫీసులో ఏ మాటనీ పూర్తిగా రాసిన పాపాన ఎవరూ పోలేదు. కాలువలో ఉండాల్సిన నిండు నీటిమట్టం ఎఫ్.ఎస్.ఎల్. ఆనకట్టకి ఎగువ యు బై ఎస్, దిగువ డి బై ఎస్. కాలువని పొడవునా కోసినట్టు గీసిన బొమ్మ ఎల్.ఎస్., అడ్డంగా కోసినట్టు గీసింది సి.ఎస్. బొమ్మలకి నకళ్లు దించే ట్రేసరుగా చేరిన నేను పదిహేనేళ్లపాటు ఈ పొడి అక్షరాలే దిద్దాను. మా ఆఫీసులో ఒకాయన తన శుభలేఖలో వరుడు యు బై ఎస్, వధువు డి బై ఎస్ అని వేయించబోతే మావగారు అడ్డుపడ్డారని చెబుతుంటాను. ఎవరూ నమ్మరు. మావగారు అడ్డుపడిన మాట మాత్రం నిజం.

అందుకే డాక్టర్లు రాసిన చీటీలు చూస్తే నాకు కొత్తగా అనిపించేది కాదు. వాళ్లూ మా శాఖ వాళ్లే అనుకునేవాణ్ణి.

మొదట వచ్చింది మా పక్కింటి రిటైరయిన మాస్టారు. కుడి డొక్కలో నెప్పని రాజమండ్రి వెళ్తే, డాక్టరు యు బై ఎస్ అని రాసి, పక్కన అబ్డామిన్ అని రాశాడు. మాస్టారికి రెండో మాట తెలుసు, మొదటిది తెలియదు.

"అప్ స్ట్రీమండి," అన్నాను. "పొట్టకి ఎగువన చూడమన్నాడు."

"ఎగువనంటే ఎక్కడయ్యా?"

"మనిషిలో ప్రవాహం పైనించి కిందకే కదండీ. నోరు హెడ్ రెగ్యులేటరు, కాలువకి నీళ్లు వదిలే మొదటి గేటన్నమాట. అక్కణ్ణించి చూసుకుంటూ రండి."

లోపల బియ్యం ఏరుతున్న మా అమ్మ ఆ మాట విని, "మళ్లీ వాలుగ లేచింది," అంది. దాని సంగతి తరవాత చెబుతాను.

మాస్టారు స్కానింగు దగ్గర పడుకుని, "అమ్మాయ్, కాస్త అప్ స్ట్రీమ్‌లో తియ్యి తల్లీ," అన్నారట. పక్కటెముకల కింద పిత్తాశయంలో రాయి దొరికింది. ఆయన వీధి వీధంతా తిరిగి, మనవాడు ముందే చెప్పాడు, ఎగువనే దొరికింది అని చెప్పొచ్చారు. ఆ చీటీలో యు బై ఎస్ అంటే అల్ట్రా సౌండ్ అని నాకు తెలిసేసరికి, మా అరుగు మీద చీటీలు పట్టుకుని ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఇప్పుడు చెప్పి ఏం లాభం.

తరవాత మా ఆఫీసు అటెండరు. వాళ్లమ్మాయిని పురిటికి చేర్చారు, చీటీ మీద ఎల్.ఎస్.సి.ఎస్. అని ఉంది. అతని ముఖంలో నెత్తురు లేదు. నాకు నవ్వొచ్చింది. ఇరవై నాలుగ్గంటలూ మేం గీసేవే ఆ రెండూ.

"సర్వేరా. ముందు పొడవునా ఓ బొమ్మ, తరవాత అడ్డంగా ఓ బొమ్మ. భయం లేదు, కాఫీ తాగు."

ఆ మాటకి అతను నిజంగానే కాఫీ తాగాడు. మర్నాడు కాజాలు తెచ్చాడు.

"మగపిల్లాడండి. సర్వే చేసి, కడుపు కోసి తీశారండి."

"కోసిందెలాగ? పొడుగ్గానా, అడ్డంగానా?"

"అడ్డంగానేనండి."

"అయితే సి.ఎస్.," అన్నాను. ఇద్దరం తృప్తిగా కాజాలు తిన్నాం.

ఎన్.ఏ.డి. అన్న మూడక్షరాలు మాత్రం చాలా చీటీల మీద కనిపించేవి. కలిపి చదివితే నాడ్. నాడి అయి ఉంటుందని తేల్చాను. నాడి బాగుంది, వెళ్లండి అనేవాణ్ణి. అలా చెప్పి పంపించినవాళ్లంతా సుబ్బరంగా ఉండేవాళ్లు. తప్పని ఎవరైనా రుజువు చేస్తే కదా మానేది.

ఒక్క చీటీ దగ్గర తేలిపోయాను. మా సెక్షన్‌లో పెద్ద డ్రాఫ్ట్స్‌మన్‌గారు, నాకు కలం పట్టుకోవడం నేర్పినాయన, ఓరోజు తన ఆసుపత్రి ఫైలు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చారు. అందులో పెద్ద సి, పక్కన చిన్న ఏ. "ఇదేంటయ్యా?" అన్నారు. నేను తల కూడా ఎత్తకుండా, "చల్లారాక అన్నం తినమన్నాడండి," అన్నాను. ఆయన నవ్వారు. తరవాత రెండు వారాలూ ఆయన కేరియరు మూత తీసి, విసనకర్రతో విసురుకుని, చల్లారాకే తిన్నారు. ఒకరోజు వాళ్లబ్బాయి సెలవు చీటీ ఇవ్వడానికొచ్చి నాతో చెప్పాడు. సి.ఏ. అంటే కేన్సరట. రోగికి తెలియకూడదని డాక్టర్లు అలా రాస్తారట. ఆ ఏడు గోదావరికి వరద రాకముందే ఆయన పోయారు.

ఆ తరవాత కొన్నాళ్లు ఎవరి చీటీ ముట్టుకోలేదు. మళ్లీ మొదలుపెట్టాననుకోండి. కానీ చదవడానికి ముందు కాగితమంతా ఓసారి పెద్ద సి, చిన్న ఏ కోసం వెతికేవాణ్ణి. డాక్టర్ల పొడి అక్షరాల్లో నాకు నిజంగా తెలిసినది అదొక్కటే.

తొంభైల చివర్లో, వేసవి పంట దాళ్వా కోతల రోజుల్లో, మా అక్క చీటీ నా చేతికొచ్చింది. మా అక్కది పాలకొల్లు దగ్గర ఓ పల్లె. వ్యవసాయం. ఆ వేసవి మొదట్లో గేదె పాలు పితుకుతుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. చేతులు రెండూ గుప్పెట్లో ఏదో దాచుకున్నట్టు ముడుచుకుపోయేవి. పిక్కలు పట్టేసేవి, మూతి చుట్టూ చీమలు పాకినట్టుండేది. రాజమండ్రి డాక్టరుగారికి చూపించాం. ఆయన చెయ్యి పట్టుకుని, మోచెయ్యి తట్టి, ఒక్కటంటే ఒక్క రక్తపరీక్ష రాశారు. రిపోర్టు శనివారం వస్తుంది, సోమవారం పట్టుకురండి అన్నారు. అక్క వాళ్లూరు వెళ్లిపోయింది. శనివారం నేను లేబుకి వెళ్లి కాగితం తెచ్చుకోవడం, ఆదివారం వెళ్లి అక్కని మా ఇంటికి తీసుకురావడం, సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్లడం, ఇదీ ఏర్పాటు.

శనివారం మధ్యాహ్నం లేబు కిటికీలోంచి అరచేయంత కాగితం బయటికొచ్చింది. చేత్తో రాసింది. నడుస్తూనే విప్పాను.

ఎస్. చుక్క. పెద్ద సి, చిన్న ఏ. దాని ఎదురుగా 7.1. పక్కన ఎల్. ఆ పక్కన బ్రాకెట్లో 8.5 గీత 10.5. తరవాత పాము పాకినట్టు ఏదో గీత.

రోడ్డు మీద సిటీ బస్సు హారను కొడుతోంది. నేను దాని ముందే నిలబడి ఉన్నానని డ్రైవరు తిట్టాక తెలిసింది.

బస్సులో కూర్చుని కాగితం మడిచాను, విప్పాను. ఎస్ అంటే స్టేజీ. దాన్లో సందేహం లేదు. కానీ ఏడేంటి? మాకు బేరేజీ దగ్గర వరదకి మూడో ప్రమాద హెచ్చరికే ఆఖరుది. మూడు దాటితే ఇంక ఎగరెయ్యడానికి జెండాలుండవు. ఏడు పాయింటు ఒకటి అంటే ఎక్కడిదాకా వచ్చినట్టు? ఎల్ అంటే మా బొమ్మల్లో లెఫ్టు. ఎడమగట్టు. ఎడమవైపు ఏముంటుంది, గుండె కదా, గుండెకి వస్తుందా ఇది? మరి ఎనిమిదిన్నర, పదిన్నర? ఆ రెంటికీ అర్థం బస్సు సగం దారిలో ఉండగా తట్టింది. తట్టకపోతే బాగుండుననిపించింది. ఎన్నాళ్లుంటుందో రాశాడు. నెలలా, సంవత్సరాలా అన్నదే రాయలేదు.

ధవళేశ్వరంలో దిగాల్సినవాణ్ణి దిగకుండా ముందుకెళ్లిపోయాను. తరవాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను. దారిలో ఓ మందుల షాపుంది. షాపతను నాకు తెలిసినవాడే. తెలిసినవాడు కాబట్టే కాగితం మొత్తం చూపించడానికి చెయ్యి రాలేదు. బొటనవేలితో ఇటు ఎస్‌నీ, చూపుడువేలితో అటు అంకెల్నీ మూసి, మధ్యలో రెండక్షరాలు మాత్రం కనిపించేలా పట్టుకున్నాను.

"ఇదేంటండీ?"

అతను కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు. గొంతు తగ్గించాడు.

"కేన్సరండి. డాక్టర్లు అలాగే రాస్తారు. ఎవరికండీ?"

"మా ఆఫీసులో ఒకరికి," అన్నాను.

మళ్లీ రాజమండ్రి బస్సెక్కాను. డాక్టరుగారి క్లినిక్కుకి తాళం వేసుంది. వాచ్‌మన్ మెట్ల మీద చుట్ట కాలుస్తున్నాడు. డాక్టరుగారు తునిలో పెళ్లికి వెళ్లారు, సోమవారం పదింటికొస్తారు అన్నాడు. అతనికి ఎన్.ఏ.డి. అంటే తెలుసేమోనని కూడా అడగాలనిపించింది. అడగలేదు. ఇంటికొచ్చి, మళ్లీ బయటికెళ్లి, బేరేజీ మీద ఓ చివర నించి గేట్లు లెక్కపెట్టుకుంటూ నడిచాను. పదిహేనేళ్లుగా ఎన్నో తెలిసిన గేట్లు. ఆ పూట లెక్క రెండుసార్లు తప్పింది.

మా ఆవిడ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లింది. ఇంట్లో అమ్మ ఉంది.

"అక్క కాగితం వచ్చిందిరా?"

"వచ్చింది. డాక్టరు చూడాలి."

అమ్మ నా వంక అదోలా చూసి, ఒంట్లో బాగోలేదా అని నుదురు మీద చెయ్యేసింది.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. రావులపాలెంలో బస్సు మారాలి. అక్కడ ఎప్పుడూ అక్కకి ఓ అరటిగెల బేరమాడి కొంటాను. ఆ రోజు గెల కొనాలా వద్దా అని జేబులో కాగితం తడుముకుంటూ నిలబడిపోయి రెండు బస్సులు వదిలేశాను. కొంటే మామూలుగా ఉన్నట్టు. కొనకపోతే అనుమానం. కొన్నాను. చెప్పిన ధర ఇచ్చేశాను. ఆ గెల అమ్మినవాడే నన్ను అనుమానంగా చూశాడు.

మా బావగారు కళ్లంలోంచి వచ్చి చెంబుతో కాళ్లు కడుక్కుంటున్నారు. నన్ను చూడగానే మొదలెట్టారు.

"ఏవయ్యా డాక్టరూ, మీ అక్క జబ్బు ఎగువనా దిగువనా?"

"ఏం లేదండి బావగారూ. ఎన్.ఏ.డి. అంతా బానే ఉంది."

"అదీ మాట. నేను చెబుతూనే ఉన్నాను, పని తప్పించుకోడానికి వేళ్లు ముడుస్తోందని." అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడకి వినపడాలనే అన్నారు. "పాలు పితకడం నాకొచ్చేసింది, తెలుసా? గేదె కూడా నాకే అలవాటు పడిపోయింది."

"గేదె మంచిది కాబట్టి ఏమీ అనట్లేదు," అంది అక్క.

ఆయన నవ్వుకుంటూ మళ్లీ కళ్లంలోకి వెళ్లిపోయారు. అక్క మామిడికాయ పప్పూ వడియాలూ వడ్డించింది. ఎదురుగా కూర్చుంది. నేను రెండు ముద్దలు తిన్నాను.

"అంతేనా?" అంది.

"ఏంటి అంతేనా?"

"పోయిన నెల మా ఎదురింటావిడ మోకాలి చీటీ చూపిస్తే నువ్వు అరగంట చెప్పావు. మోకాట్లో ఎన్ని షట్టర్లుంటాయో, ఏది తుప్పు పట్టిందో కూడా చెప్పావు. ఆవిడ ఇప్పటికీ షట్టరుకి నూనె రాసుకుంటోంది. నాకు మూడక్షరాలా?"

నేను వడియం నమిలాను.

"అబద్ధమైతే నువ్వు పొడుగ్గా చెబుతావు," అంది అక్క. "నిజమైనా పొడుగ్గానే చెబుతావు. ఇంత పొట్టిగా ఎప్పుడూ చెప్పలేదు."

మూడున్నర బస్సుకని బయల్దేరాం. రోడ్డు మీదకి వెళ్లాలంటే కాలువగట్టు వెంట నడవాలి. ముందురోజే కాలువకి నీళ్లు కట్టేశారు. అడుగున అక్కడక్కడ గుంటల్లో నీళ్లు, మిగతాదంతా బురద. ఆడవాళ్లు ఇద్దరు బురదలో దిగి చేతులతో తడుముతున్నారు. కాలువ కట్టినప్పుడల్లా ఇది మామూలే. ఏడాది పొడుగునా రేవుల్లో జారిపోయిన గరిటెలూ చెంబులూ అప్పుడు బయటపడతాయి.

రేవు మెట్ల దగ్గర అక్క ఆగింది. సంచి కింద పెట్టింది. చెయ్యి చాపింది.

"ఇలా ఇయ్యి."

ఆ చెయ్యి అప్పుడే ముడుచుకుపోతోంది. వేళ్లు ఒకదానిమీదికొకటి ఎక్కుతున్నాయి. కాగితం ఆ వేళ్ల మధ్య పెట్టాను. అక్క అయిదో తరగతి చదివింది. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు.

"ఎస్. సి. ఏ." అని చదివింది. "ఈ సి.ఏ. నాకు తెలుసు. మీ పెద్ద డ్రాఫ్ట్స్‌మన్‌గారిది నువ్వే చెప్పావు. చెప్పినప్పుడు ఏడిచావు కూడా."

అక్క వేలు వెనక్కి జరిగి మొదటి అక్షరం మీద ఆగింది.

"ఎస్ ఏంటి?"

"డాక్టరు చూడాలక్కా."

"నువ్వేమనుకుంటున్నావో అది చెప్పు."

"స్టేజీ అనుకుంటున్నాను."

"ఈ ఎనిమిదిన్నర, పదిన్నర?"

చెప్పనక్కర్లేకపోయింది. నా ముఖంలో చదువుకుంది. మెట్టు మీద కూర్చుంది. కాసేపు వేళ్లు రెండో చేత్తో సాగదీసుకుంది.

"నెలలేనంటావా?"

"ఏమో."

"ఎనిమిదిన్నర నెలలంటే సార్వా కోతలు అయిపోతాయి," అంది. "నయం. కోతలప్పుడు మీ బావ ఒక్కరూ చేసుకోలేరు."

నాకు ఆ గట్టు మీద ఎటు నిలబడాలో తెలియలేదు. రెండు మెట్లు దిగాను, ఎక్కాను. బస్సు వస్తుందేమో చూసొస్తానని నాలుగడుగులు వేసి వెనక్కొచ్చాను. అక్క బురదలో తడుముతున్న ఆడవాళ్ల వంక చూస్తోంది.

"బిందె నువ్వు వదిలెయ్యలేదురా," అంది.

ఇక్కడ వాలుగ సంగతి చెప్పాలి. నాకు ఎనిమిదేళ్లప్పుడు, అక్కకి పన్నెండు. అమ్మ తన పుట్టింటి నించి తెచ్చుకున్న ఇత్తడి బిందె ధవళేశ్వరంలో మా కాలువ రేవులోంచి కొట్టుకుపోయింది. ఆడుకుంటూ నేను వదిలేశానన్నారు. నాన్న రెండు తగిలించారు. మూడోది పడబోతుండగా నేను, నీళ్లలోంచి ఓ వాలుగ చేప లేచి బిందె మింగేసిందని చెప్పాను. ఎంత వాలుగరా అన్నారు నాన్న. మన వీధి గుమ్మమంత అన్నాను. మీసాలుండేవా అన్నారు. తాడుల్లా ఉండేవి, బిందె మింగాక త్రేన్చింది కూడా అన్నాను. నాన్న చెయ్యి దించేసి పడీ పడీ నవ్వారు. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చినవాళ్లందరికీ నా చేత మళ్లీ చెప్పించారు. ప్రతిసారీ వాలుగ కొంచెం పెరిగింది. ఇప్పటికీ నేను నోరు తెరిస్తే అమ్మ, వాలుగ లేచింది అంటుంది. ముప్పై ఏళ్లు చెప్పీ చెప్పీ, బిందె నా చేతిలోంచి జారడం నాకు కళ్లకి కట్టినట్టు గుర్తుండిపోయింది.

"నేనే వదిలేశాను," అంది అక్క. "కబుర్లలో పడి చూసుకోలేదు. నువ్వు పైమెట్టు మీద మామిడి టెంక చీకుతున్నావు. ఇంటికెళ్లి నీమీద చెప్పేశాను. నువ్వు కాదన్నావు. ఎవరూ నమ్మలేదు. అప్పుడు వాలుగ చెప్పావు."

"నేను కాదన్నానా?"

"మూడుసార్లన్నావు."

నాకు అది గుర్తులేదు. వాలుగ మీసాలు గుర్తున్నాయి.

"పెళ్లయ్యేదాకా ప్రతి వేసవీ కాలవ కట్టగానే దిగి వెతికేదాన్ని. మీరంతా నత్తగుల్లల కోసమనుకున్నారు."

"ఎక్కడ వెతికావు?"

"మన రేవుకి పైవైపు."

"బిందె ఎగువకి ఎలా పోతుందక్కా? డి బై ఎస్‌లో కదా వెతకాలి."

"కిందవైపైతే అమ్మకి పెరట్లోంచి కనపడతాను," అంది. తరవాత కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నేను చూడలేదు. బస్సు హారను వినపడింది.

ఆ రాత్రి మా ఇంట్లో అమ్మ ఒక్కతే నిద్రపోయింది.

సోమవారం తొమ్మిదింటికే క్లినిక్కు మెట్ల మీద ఉన్నాం. పదీ పావుకి పిలిచారు. డాక్టరుగారు కాగితం చూడకుండా ముందు అక్క చెయ్యి చూశారు.

"ఏవమ్మా, వేళ్లు ఇంకా కొంకర్లు పోతున్నాయా?"

"నెలలా, సంవత్సరాలా డాక్టరుగారూ?" అంది అక్క.

"ఏవి?"

"నాకు."

ఆయన అక్క వంక, నా వంక చూశారు. కాగితం విప్పారు. నేను గోడ మీద కేలండరు చూస్తున్నాను.

"ఇది చదివిందెవరు?"

అక్క వేలు పెట్టి చూపించలేదు. ఊరికే నా వైపు తిరిగింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. స్టేజీ, ఎడమగట్టు, అన్నీ. ఆయన నవ్వలేదు. కాగితం బల్ల మీద మా ఇద్దరికీ కనపడేలా తిప్పి పెట్టి, పెన్ను మొనతో ఒక్కోటీ చూపించారు.

"ఈ రెండక్షరాలూ మేం కేసు కాగితం మీద రాస్తే ఒకటి. లేబు వాళ్లు రాస్తే ఇంకోటి. ఇది కాల్షియం. ముందున్న ఎస్ అంటే సీరం. రక్తం గడ్డకట్టాక పైన తేరుతుంది చూడండి, ఆ నీరు. అందులో కాల్షియం ఎంతుందో కొలిచారు. ఏడు పాయింటు ఒకటి ఉంది. ఎల్ అంటే లో, తక్కువ. బ్రాకెట్లో ఉన్నది మామూలుగా మనిషికి ఉండాల్సింది. ఎనిమిదిన్నరకీ పదిన్నరకీ మధ్య."

ఉన్నదెంత. ఉండాల్సిందెంత. పక్కపక్కన. మా ఆఫీసులో పొద్దున్నే గేజి రిజిస్టరులో రాసేది అదే. ఈవేళ్టి మట్టం ఒక గడిలో, ఎఫ్.ఎస్.ఎల్. పక్క గడిలో. పదిహేనేళ్లు ఆ రెండు గడులూ నా చేత్తో గీశాను. అక్క రక్తంలో నీటిమట్టం కాస్త తగ్గింది, అంతే రాశాడు లేబు అతను. నేను దాన్ని తప్ప అన్నిట్నీ చదివాను.

"కాల్షియం అంటే సున్నమేనా అండి?" అంది అక్క.

"ఇంచుమించు."

"పోతానా?"

"ఇప్పుడే ఎక్కడికమ్మా. ఎందుకు తగ్గిందో ఇంకో రెండు పరీక్షలు చేద్దాం. ఈలోపు బిళ్లలు వేసుకుంటే వేళ్లు సాఫీగా అవుతాయి."

అక్క కుర్చీలో వెనక్కి ఆనుకుంది. ఊరుకోలేక అడిగాను.

"ఎన్.ఏ.డి. అంటే నాడి కాదాండీ?"

"పరీక్షిస్తే తేడా ఏమీ కనపడలేదని. ఇంగ్లీషులో మూడు మాటలకి పొడి అక్షరాలు." ఆయన మొదటిసారి నవ్వారు. "మీరు నాడి బాగుందనే చెబుతున్నారా? దాన్ని మాత్రం అలాగే చెప్పుకోండి. మిగతావి మానెయ్యండి."

ఆయన మందుల చీటీ రాశారు. నేను అలవాటుగా చెయ్యి చాపాను. అక్క నా చేతిమీదుగా తన చెయ్యి పోనిచ్చి అందుకుంది.

"డాక్టరుగారూ, ఈ బి.డి. అంటే ఏంటండి?"

"రెండు పూటలా."

"ఎస్.ఓ.ఎస్.?"

"అవసరమైతేనే."

"పెన్ను ఓసారి ఇప్పించండి."

ముడుచుకుపోయే వేళ్లతో పెన్ను పట్టుకోవడం ఆవిడకి కష్టమైంది. బయట పది మంది కూర్చుని ఉన్నారు. డాక్టరుగారు ఏమీ అనకుండా ఆగారు. అక్క చీటీ వెనక్కి తిప్పి, ఒక్కో అక్షరం ఎదురుగా తెలుగులో పెద్ద పెద్దగా రాసుకుంది. నాకు చూపించలేదు.

తిరుగు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. నాకు నోరు ఊరుకోదు కదా, రెండు మూడుసార్లు మొదలెట్టబోయాను. కిటికీలోంచి చూస్తూనే చెయ్యెత్తి ఆపింది. ధవళేశ్వరం దగ్గర పడుతుండగా అంది.

"ఆ బిందె సంగతి."

"ఏ బిందె?"

"ఊరుకో. పోతాననుకుని చెప్పాను. ఇప్పుడు ఉండిపోయాను. మీ బావకి తెలిస్తే బతకనివ్వరు."

"నేను చెప్పను. చెప్పినా ఎవరు నమ్ముతారు?"

"అదేరా," అంది. "నువ్వు చెబితే నమ్మరు. అమ్మకి నేనే చెప్పాలి."

ఇంటికెళ్లాం. అమ్మకి కాల్షియం గురించి చెప్పాం. సున్నమా, అయితే తాంబూలం మానిపించి తప్పు చేశాను అంది. అక్క సంచి సర్దుకుని, చెప్పులేసుకుని, మళ్లీ విప్పి, అమ్మ ముందు చాప మీద కూర్చుంది. మొత్తం చెప్పింది. కబుర్లలో పడ్డది, బిందె తేలుతూ పోయింది, తమ్ముడి మీద చెప్పింది, ప్రతి వేసవీ వెతికింది. నేను స్తంభానికి ఆనుకుని నిలబడి వింటున్నాను.

అమ్మ ఆసాంతం విని, చేటలో బియ్యం ఓసారి ఎగరేసింది.

"ఏడిశావులే," అంది. "చిన్నప్పట్నించీ వాణ్ణి వెనకేసుకొస్తూనే ఉన్నావు. ఇప్పుడు నీకు ఒంట్లో బాగోలేకపోయినా వాడి తప్పు నీ నెత్తినేసుకోవాలా?"

"కాదమ్మా, నిజంగా నేనే."

"ఏరా," అంది అమ్మ నా వైపు తిరిగి. "ఎవరు వదిలేశారు?"

అక్క నా వంక చూస్తోంది. ఒళ్లో చీటీ వెనకవైపు పైకి ఉంది. తన రాతలో, రెండు పూటలా, అవసరమైతేనే.

"మింగేసిందమ్మా," అన్నాను. "వాలుగ."

"చూశావా," అంది అమ్మ అక్కతో. "ఎన్నిసార్లడిగినా వాడి మాట మారలేదు."

అక్క చీటీ మడిచి జాకెట్టులో దోపుకుని, నాలుగింటి బస్సుకి లేచింది. గుమ్మం దిగుతూ వెనక్కి తిరిగి, ఎంతుండేది మీసం అని అడిగింది. చెయ్యి చాపి చూపించాను. ఇదివరకటికన్నా ఓ జానెడు ఎక్కువే చూపించాను.